జ్వరం దిగిన రోజే జాగ్రత్త

వానలు మొదలయ్యాక నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం డెంగీ గురించే. పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి వయసు 16. డెంగీతో ఆస్పత్రిలో చేర్చాం. ఐదో రోజుకి జ్వరం పూర్తిగా తగ్గింది గానీ ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. ఎక్కించమని ఎంత బతిమాలినా డాక్టరు గారు ఒప్పుకోలేదు. సెలైన్ పెట్టి, పూటపూటకీ రక్తం తీసి పరీక్షలు చేశారు. జ్వరం లేకపోయినా రెండు రోజుల దాకా ఇంటికి పంపలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ మా వాళ్లంతా ఆస్పత్రివాళ్లు నిర్లక్ష్యం చేశారంటున్నారు. నిజమేనా? — ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కాదమ్మా. మీ అబ్బాయికి జరగాల్సిన వైద్యమే జరిగింది.

డెంగీ అంటే ప్లేట్‌లెట్ల జబ్బని జనంలో పాతుకుపోయింది. అసలు ముప్పు వేరే ఉంది. జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, సరిగ్గా ఒళ్లు చల్లబడే వేళకి, కొందరిలో సన్నటి రక్తనాళాల గోడలు పట్టు తప్పుతాయి. మట్టికుండ చెమర్చినట్టు రక్తంలోని నీరు మెల్లగా బయటికి ఊరి పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇదంతా 24 నుంచి 48 గంటల వ్యవహారం. ఆ గడువు దాటించగలిగితే చాలావరకు గండం గట్టెక్కినట్టే. జ్వరం పోయినా రెండు రోజులు ఉంచుకున్నది అందుకే. ఇంట్లోవాళ్లు ‘హమ్మయ్య’ అనుకునే సమయమే మాకు గుబులు పుట్టించే సమయం.

పూటపూటకీ రక్తం తీసింది ప్లేట్‌లెట్ల కోసమే అనుకుని ఉంటారు. ఆ రిపోర్టులో పీసీవీ అనో హెమటోక్రిట్ అనో ఇంకో వరుస ఉంటుంది, చూడండి. డాక్టరు ముందు వెతికేది దాన్నే. నిన్న 38 ఉన్నది ఇవాళ 46 అయిందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. అలాంటి మనిషికి ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా సరే, ఇంటికి పంపకూడదు. పీసీవీ నిలకడగా ఉండి, మూత్రం ధారాళంగా వస్తూ, ఎక్కడా రక్తస్రావం లేకపోతే 38 వేలని చూసి బెంబేలెత్తాల్సిన పనిలేదు.

ఎక్కిస్తే పోయేదేముంది అని అడుగుతారు. పోయేది ఉంది. బయటి నుంచి ఎక్కించిన ప్లేట్‌లెట్లు ఈ జబ్బులో ఎక్కువసేపు నిలవవు. పైగా ఒంటికి పడకపోతే దద్దుర్లు, చలి, ఆయాసం వస్తాయి. సింగపూర్, మలేసియా ఆస్పత్రుల్లో ప్లేట్‌లెట్లు 20 వేలకు, అంతకన్నా కిందికి పడిపోయిన 370 మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ముందుజాగ్రత్త పేరుతో ఎక్కించినందువల్ల రక్తస్రావాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. రక్తస్రావం అవుతుంటేనో, 10 వేల లోపుకి దిగితేనో మేం ఆ ఆలోచన చేస్తాం. ముప్పు దాటాక ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. మీ డాక్టరు గారు మీ ఒత్తిడికి లొంగకుండా నిలబడ్డారంటే, ఆయన్ని కాదు, మీ బంధువుల్ని మందలించాలి.

ప్రశ్న: బొప్పాయి ఆకు రసం తాగితే ఒక్క రాత్రిలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయంటున్నారు. మేకపాలు, కివీ పండ్లు కూడా చెబుతున్నారు. వాడవచ్చా? — పాఠకుడు, కరీంనగర్

జవాబు: బొప్పాయి ఆకు సారంతో మన దేశంలోనే కొన్ని చిన్న అధ్యయనాలు జరిగాయి. ప్లేట్‌లెట్ల అంకె కాస్త తొందరగా పెరిగినట్టు వాటిలో కనిపించింది. కానీ అంకె పెరగడం వేరు, మనిషికి ముప్పు తప్పడం వేరు. ఆ రెండోది రుజువు కాలేదు. ఏడో రోజుకి ఎలాగూ పెరగబోతున్న ప్లేట్‌లెట్లకు ఆరో రోజున తాగిన రసం పేరు తెచ్చుకుంటుంది. నాకున్న అభ్యంతరం ఒకటే. ఆ చేదుకి అసలే వికారంగా ఉన్న రోగి వాంతి చేసుకుంటాడు, తాగిన నీళ్లు కూడా బయటికి వచ్చేస్తాయి. కివీ కొనే డబ్బుతో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బోలెడు వస్తాయి. మేకపాలు వాడాలనుకుంటే కాచి తాగండి, పచ్చివి వద్దు.

ప్రశ్న: మా ఊళ్లో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. గంటలో ఒళ్లు తేలికపడి పొలానికి వెళ్తున్నాం. ఆ సూది మంచిది కాదని మా అమ్మాయి వాదిస్తోంది. ఏమంటారు? — ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మీ అమ్మాయి మాట వినండి. అంత త్వరగా నొప్పులు లాగేసే సూది చాలాసార్లు డైక్లోఫెనాక్ అయి ఉంటుంది. అది కడుపు లోపలి పొరని దెబ్బతీస్తుంది, ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడుతుంది. వచ్చింది డెంగీ అయితే రక్తస్రావానికి మనమే దారి తీసినట్టు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా అదే కోవలోవి. గుండెజబ్బుకి రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా మానేయకుండా డాక్టర్ని అడగాలి.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడండి. పెద్దవాళ్లకి ఒకసారికి 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు దాటకుండా. పిల్లలకి బరువుని బట్టి డాక్టరు చెప్పినంతే. కాలేయం జబ్బున్నవాళ్లు, రోజూ మందు తాగే అలవాటున్నవాళ్లు అడిగే వేసుకోవాలి. మందుల షాపులో స్ట్రిప్ తిప్పి వెనక చదవండి. పారాసెటమాల్ పేరు పక్కనే ఎసిక్లోఫెనాక్ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి. డెంగీ వైరస్ జబ్బు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని తగ్గించలేదు. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపైతే ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాతైతే ఐజీఎం పరీక్ష పనికొస్తాయి.

ఇంకోమాట. లంఖణం పరమౌషధం అని మన పెద్దలంటారు. డెంగీలో ఆ మాట పక్కన పెట్టండి. ఓఆర్‌ఎస్, పలచటి మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగుతూనే ఉండాలి. మన వైపు జ్వరమనగానే బ్రెడ్ తప్ప ఇంకేదీ పెట్టరు, ఆ ఆచారం ఎక్కడ పుట్టిందో గానీ అన్నం, ఇడ్లీ నిక్షేపంగా తినవచ్చు. నాలుగైదు గంటలకోసారి మూత్రం వస్తోందా లేదా గమనించండి. రాకపోయినా, విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా పడి ఉండటం లేదా కుదురు లేకుండా కొట్టుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. చుట్టుపక్కల మురుగు కాల్వ లేదు. సాయంత్రం కాగానే కిటికీలు మూసేస్తాం. అయినా పిల్లలిద్దరికీ డెంగీ వచ్చింది. ఎలా? — గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఈ దోమ మురుగులో పెరిగేది కాదు, రాత్రిపూట కుట్టేదీ కాదు. ఏడిస్ అనే ఈ దోమ కాళ్ల మీద తెల్లటి పట్టీలతో నల్లగా ఉంటుంది. ఎక్కువగా పొద్దుటి పూట, మళ్లీ పొద్దుగూకే ముందు కుడుతుంది. మీరు కిటికీలు మూసేసరికి దాని పని ముగిసే ఉంటుంది. బహుశా అది మీ ఇంట్లోనే పుట్టి ఉంటుంది కూడా.

ఓసారి ఫ్రిజ్ వెనక్కి తొంగిచూడండి. అడుగున కంప్రెసర్ దగ్గర నీళ్లు దిగే చిన్న ట్రే ఉంటుంది. చాలామంది ఫ్రిజ్ కొన్నాక దాన్ని ఒక్కసారైనా బయటికి లాగి ఉండరు. కూలర్, మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింది పళ్లెం, బాల్కనీలో పిల్లలు వదిలేసిన బకెట్, టెర్రస్ మీద మూత సరిగా పడని ట్యాంకు, ఇవన్నీ దానికి పురిటిళ్లే. పిల్లపురుగులు నీళ్లలో మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. పీచు పెట్టి తోమాలి. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం పది రోజులు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారం డ్రై డే అన్నా, హైదరాబాద్‌లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని ప్రచారం చేసినా, వారానికోసారి అని పెట్టడం వెనకున్న లెక్క ఇదే.

పగలు నిద్రపోయే పసిపిల్లలకి దోమతెర కట్టండి. బడికెళ్లే పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వేయండి. ఎవరికైనా జ్వరముంటే వాళ్లనీ తెరలోనే పడుకోబెట్టండి, వాళ్లని కుట్టిన దోమే ఇంకొకరికి అంటిస్తుంది.

ప్రశ్న: డెంగీ తగ్గి రెండు నెలలైంది. జుట్టు గుప్పెళ్లతో రాలిపోతోంది. మళ్లీ డెంగీ వస్తుందా అన్న భయమూ ఉంది. — ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: గట్టి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మామూలే, కొన్నాళ్లకి దానంతటదే తిరిగి వస్తుంది. నూనెలు, సీరమ్‌ల మీద డబ్బు తగలేయకండి. ఆరు నెలలు దాటినా ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. మీకు వచ్చిన రకం మళ్లీ సాధారణంగా రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం సోకితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. అందుకని పాత రిపోర్టు పారేయకండి. ఇకముందు జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇదివరకు డెంగీ వచ్చిందని అడగకముందే చెప్పండి.