లోడుతో ఘాట్ ఎక్కితేనే మిస్‌ఫైర్: 1.4 లక్షల కి.మీ. తిరిగిన పికప్‌కి స్పార్క్ ప్లగ్స్ మార్చిన కథ

మామూలుగా ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈసారి మన టెస్ట్ యూనిట్ డుంబ్రిగుడలో ఉన్న మా చిన్నాన్న పికప్. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, మీటర్ మీద 1,40,000 కి.మీ. పైనే. ఖాళీగా అరకు దాకా వెళ్లొస్తే ఏ కంప్లైంటూ లేదు. కానీ రాజ్‌మా బస్తాలు కింద దింపేసి, తిరుగు లోడుగా సిమెంట్ ఎక్కించుకుని, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మొదలయ్యిందంటే చాలు, బండి వణకడం, జర్క్‌లు, చెక్ ఇంజిన్ లైట్ ఆరిపోతూ వెలుగుతూ ఉండటం.

కింద ఒక మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "మిక్చర్ లీన్ చూపిస్తోంది, ఇంజెక్టర్లు మార్చాలి" అని 14 వేలు చెప్పాడట. బండి నెల కిస్తీ 11 వేలు. చిన్నాన్న ఫోన్ చేసి, "ఒరే, ఇంజినీరింగ్ చదివావు కదా, ఇదేటో చూడరా" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అని ఆయనకి పదేళ్లుగా చెప్తూనే ఉన్నాను.

ముందే ఒక మాట. మన కొండల్లో తిరిగే పికప్‌లలో ఎక్కువ డీజిల్ బండ్లు. బొలెరో పికప్ లాంటి వాటికి స్పార్క్ ప్లగ్స్ ఉండవు. డీజిల్ దానంతట అదే ఒత్తిడికి అంటుకుంటుంది. చలిలో స్టార్ట్ అవ్వడానికి గ్లో ప్లగ్స్ ఉంటాయి, అవి వేరే కథ. ఈ ఆర్టికల్ టాటా ఏస్ గోల్డ్ పెట్రోల్, మారుతి సూపర్ క్యారీ లాంటి పెట్రోల్, సీఎన్‌జీ బండ్ల వాళ్ల కోసం.

గాడ్జెట్ సంగతి

నా దగ్గర 900 రూపాయలకి కొన్న ఈఎల్ఎం327 బ్లూటూత్ డాంగిల్ ఉంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్టులో గుచ్చి ఫోన్‌కి పెయిర్ చేయాలి. కొనేవాళ్లకి రెండు జాగ్రత్తలు. చీప్ క్లోన్‌లలో కొన్ని కమాండ్స్ అసలు పనిచెయ్యవు, వెర్షన్ నంబర్ చూసి నమ్మకండి. మామూలు బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వదు, దానికి బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై మోడల్ తీసుకోవాలి. యాప్‌ని మాత్రం సిగ్నల్ ఉన్నచోటే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. డుంబ్రిగుడ దాటి లోపలికి వెళ్లాక ప్లే స్టోర్ తిరుగుతూనే ఉంటుంది.

కోడ్ వచ్చింది: పీ0302. దీన్ని చదవడం తేలిక. పీ0300 అంటే ఏ సిలిండరో తేలని మిస్‌ఫైర్, పీ0301 నుంచి పీ0304 దాకా ఆ చివరి అంకే సిలిండర్ నంబర్. ఈసీయూ దీన్ని ఎలా పట్టుకుంటుందో తెలిస్తే నచ్చుతుంది. దానికి సిలిండర్ లోపలికి చూసే కెమెరా ఏమీ లేదు. క్రాంక్ షాఫ్ట్ సెన్సార్ ఒక్కటే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి 180 డిగ్రీలకి ఒక సిలిండర్ పేలి క్రాంక్‌ని ముందుకు తోస్తుంది. రెండో సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ తోపు రాకపోతే క్రాంక్ వేగం రవ్వంత తగ్గుతుంది. 3000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 100 పేలుళ్లు. వాటిలో ఒకటి తప్పినా లెక్కపెడుతుంది.

అయితే కోడ్ ఏ సిలిండరో చెప్తుంది కానీ ఎందుకో చెప్పదు. ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ పోయి ఉండొచ్చు. సిస్టమ్‌లో ఎర్రర్ లాగ్ చూసి లైన్ నంబర్ దొరికినంత మాత్రాన బగ్ దొరికినట్టు కాదు కదా.

మరి మెకానిక్ చూసిన "లీన్" ఏమిటి? ఇక్కడే అసలు బోల్తా. ఒక సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ వాడకుండానే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సార్ దాన్ని చూసి "గాలి ఎక్కువైంది, పెట్రోల్ చాలట్లేదు" అనుకుంటుంది. ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. స్క్రీన్ మీద ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్తుంది. మిస్‌ఫైర్ కోడ్ పక్కన లీన్ కనిపిస్తే, ముందు మిస్‌ఫైర్ సంగతి తేల్చాకే లీన్‌ని నమ్మాలి.

ఘాట్ మీదే ఎందుకు?

ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "ఎత్తుకి గాలి పలచబడి స్పార్క్ రాదు." నేనూ మొదట అదే అనుకున్నాను. లెక్క వేస్తే తిరగబడింది. అరకు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి 10 శాతం దాకా తగ్గుతుంది. ప్లగ్ గ్యాప్ మీదుగా నిప్పురవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజ్ సిలిండర్ లోపలి ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. గాలి పలచబడితే రవ్వకి పని కొంచెం సులువే.

అసలు కారణం లోడు. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్‌లోకి వచ్చే గాలి తక్కువ, తక్కువ వోల్టేజ్‌తోనే రవ్వ దూకేస్తుంది. 600 కిలోల సిమెంట్‌తో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి, ఒత్తిడి ఎక్కువ, వోల్టేజ్ ఎక్కువ కావాలి. దానికి తోడు పాత ప్లగ్‌లో ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ పెరిగిపోయి ఉంటుంది. అప్పుడు కాయిల్ ఇచ్చే కరెంటు గ్యాప్ దాటలేక పింగాణీ పగులు నుంచో, రబ్బర్ బూట్ పక్కనుంచో దారి వెతుక్కుంటుంది. అందుకే ఇంటి ముందు స్టార్ట్ చేసి "బాగానే ఉందిగా" అనడం వేస్ట్. టెస్ట్ లోడు మీదే చెయ్యాలి.

అరుగుదల ఎంతో ఒక ఉజ్జాయింపు లెక్క: సగటున గంటకి 30 కి.మీ., 2000 ఆర్పీఎం అనుకుంటే, 50,000 కి.మీ.లో ఒక్కో ప్లగ్ 10 కోట్ల సార్లు వెలుగుతుంది. చిన్నాన్నని ప్లగ్స్ ఎప్పుడు మార్చావని అడిగితే, "కరోనా ముందా, తర్వాతా" అని ఆలోచనలో పడ్డాడు.

పని మొదలు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. హెడ్ అల్యూమినియం. వేడి మీద ప్లగ్ తిప్పితే మరలు చిరిగిపోయే ప్రమాదం ఉంది. పొద్దున్నే చలిలో, బండి కదలక ముందే మొదలుపెట్టాం. బ్యాటరీ నెగటివ్ తీసి, సీటు లేపితే ఇంజిన్ కనిపిస్తుంది. కాయిల్స్ మీద మార్కర్‌తో 1, 2, 3, 4 రాసుకోండి. పాత బండ్లలో కనెక్టర్ క్లిప్ ఎండిపోయి ఉంటుంది, గోరుతో మెల్లగా నొక్కాలి, స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే విరుగుతుంది. బోల్టు తీసి, కాయిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి.

ఇక్కడ తొందర వద్దు. ప్లగ్ ఉన్న గుంటలో మా ఎర్రమట్టి దుమ్ము పేరుకుని ఉంది. ప్లగ్ తీస్తే అదంతా సిలిండర్‌లోకి పడుతుంది. ముందు సైకిల్ పంపుతో ఊదాలి, తర్వాత ప్లగ్‌ని అరచుట్టు వదులు చేసి మళ్లీ ఊదాలి, అప్పుడు పూర్తిగా విప్పాలి. గట్టిగా పట్టేసి ఉంటే బలం చూపించకండి. తుప్పు వదిలించే ఆయిల్ రెండు చుక్కలు వేసి అరగంట ఆగి, కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. ఎక్కువ తిరిగిన బండిలో ప్లగ్ ధర కన్నా హెడ్ మరల ధర గుర్తుపెట్టుకోవాలి. అప్పటికీ రాకపోతే వదిలేసి మెషిన్ షాప్‌కి తీసుకెళ్లడమే తెలివి.

ఇప్పుడు నా మొదటి తప్పు. స్వాప్ టెస్ట్ అంటే 2వ కాయిల్‌ని 3లో పెట్టి, కోడ్ చెరిపేసి, లోడుతో నడపడం. కోడ్ పీ0303కి మారితే తప్పు కాయిల్‌ది. 2 దగ్గరే ఉంటే అప్పుడు ప్లగ్ మార్చి చూడాలి. ప్లగ్ మార్చినా కదలకపోతేనే ఇంజెక్టర్, కంప్రెషన్ అనుమానించాలి. నేనేమో సీటు రెండుసార్లు లేపడం ఎందుకని కాయిల్, ప్లగ్ రెండూ ఒకేసారి 2 నుంచి 3కి మార్చేశాను. ఒకే కమిట్‌లో రెండు మార్పులు! బస్తాలు ఎక్కించి ఎత్తు మీద నడిపితే పీ0303 వచ్చింది. సంతోషించాను. ఇంజెక్టర్ కాదని తేలింది, 14 వేలు మిగిలాయి. కానీ రెండిట్లో ఏదో తెలియదు.

ప్లగ్స్ బయట పెట్టి చూస్తే మూడు ఒకలా, ఒకటి వేరే నంబర్‌ది. ఎవరో ఎప్పుడో ఒకటే మార్చారు. లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. జిడ్డుగా నల్లగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది, కొత్త ప్లగ్ కూడా ఎక్కువ కాలం నిలవదు. తెల్లగా పొక్కులుంటే ఓవర్‌హీట్. పింగాణీ అడుగున లోహం దగ్గర చుట్టూ ఉన్న గోధుమ రంగు ఉంగరం చూసి భయపడకండి, అది మామూలే. భయపడాల్సింది నిలువుగా పాకిన నల్లటి సన్న గీత చూసి. కరెంటు పక్కదారి పట్టిందనడానికి అదే గుర్తు. వేరే నంబర్ ప్లగ్ మీద ఆ గీతా ఉంది, వెంట్రుకంత పగులూ ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

కొత్తవి బిగించడం

మాన్యువల్‌లో ఉన్న నంబర్ ప్లగ్సే, నాలుగూ ఒకేసారి. ఒక్కోటి 180 రూపాయలు, నికెల్. ఇరిడియం వేస్తే పవర్ పెరుగుతుందా అని అడుగుతారు కదా? పెరగదు, ఎక్కువ కాలం వస్తుంది అంతే. పోయిన మైలేజ్ తిరిగొస్తుంది, లేని మైలేజ్ రాదు. గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో మాన్యువల్ కొలతకి సరిచూడండి. ఇరిడియం అయితే సన్న మొన మీద గేజ్‌తో తోయకండి, విరుగుతుంది. చేతిలోంచి నేల మీద పడిన ప్లగ్ వాడొద్దు.

ప్లగ్ పైకొసకి పాత పెట్రోల్ పైపు ముక్క తొడిగి, దాన్ని వేళ్లతో తిప్పుతూ లోపలికి దించండి. మర తప్పుగా ఎక్కితే పైపు జారిపోతుంది, హెడ్ చెడదు. చేతి బిగువు వచ్చాక టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్ అంకె. లేకపోతే డబ్బా మీద రాసినంత చుట్టు, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కి సాధారణంగా సగం నుంచి మూడింట రెండొంతులు. మరలకి గ్రీజు రాయొద్దు. జారుడుకి తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

బిగించాం. ఐడిల్ నున్నగా వచ్చింది. చిన్నాన్న భుజం తట్టాడు. మర్నాడు లోడుతో ఎత్తు ఎక్కితే వణుకు సగానికి తగ్గింది, కానీ పోలేదు. మళ్లీ పీ0303.

ఈసారి బుద్ధిగా ఒకటే మార్పు చేశాను. 3లో ఉన్న కాయిల్, అంటే పాత 2వ కాయిల్, 1లోకి. కోడ్ పీ0301. కాయిల్ తీసి బూట్ లోపలికి ఫోన్ టార్చ్ వేస్తే పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత. పగిలిన ప్లగ్ కరెంటుని పక్కకి పంపి పంపి రబ్బర్‌ని కాల్చేసింది. కాలిన ఆ దారి మసి, మసిలోంచి కరెంటు సులువుగా పోతుంది. ప్లగ్ కొత్తదైనా పాత దారి అలాగే ఉంది. ఒక్కరోజులోనే 3వ కొత్త ప్లగ్ పింగాణీ మీద కూడా గీత మొదలైంది, దాన్నీ పారేశాను. ఇది నా రెండో తప్పు: ప్లగ్ మీద గీత చూసిన రోజే దాని ఎదురుగా ఉన్న బూట్ కూడా చూసి ఉండాల్సింది. కొన్ని బండ్లకి బూట్ విడిగా దొరుకుతుంది. మాకు దొరకలేదు. 1,900 పెట్టి కాయిల్, ఇంకో ప్లగ్ విశాఖ నుంచి బస్సులో తెప్పించాం. రెండు రోజులు బండి ఆగింది, ఒక లోడు వేరేవాళ్లకి పోయింది.

మొత్తం ఖర్చు: ఐదు ప్లగ్స్ 900, కాయిల్ 1,900, ప్లగ్ సాకెట్ 250, ఫీలర్ గేజ్ 150. మూడువేల రెండొందలు.

లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటే "తర్వాత చూద్దాం" అనుకోకండి. చాలా బండ్లలో దానర్థం మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని. కన్వర్టర్ పోతే ఇంజెక్టర్ల బిల్లే చిన్నదనిపిస్తుంది. యాక్సిలరేటర్ తగ్గించి, మెల్లగా ఇల్లు చేరాలి.

శుక్రవారం 12 బస్తాల సిమెంట్‌తో శృంగవరపుకోట నుంచి పైకి వచ్చాం. ఫోన్‌లో మోడ్ 06 స్క్రీన్ తెరిచి పెట్టాను. కొన్ని బండ్లు అందులో సిలిండర్ల వారీగా మిస్‌ఫైర్ లెక్క ఇస్తాయి, అదృష్టంకొద్దీ ఇదీ ఇస్తుంది. గాలికొండ దాటేసరికి నాలుగు వరసల్లోనూ సున్నాలు. చిన్నాన్న స్క్రీన్ వైపు చూడనేలేదు, ఇంజిన్ చప్పుడే వింటున్నాడు. ఇంటికొచ్చి ఆపాక, "ఆ డబ్బా ఊడదియ్యరా, రాత్రంతా ఉంటే బ్యాటరీ తినేస్తాది" అన్నాడు. నిజమే, తింటుంది. తీసేశాను.