గృహ కంప్యూటరు - ధ్వని లేఖనము

నోటినుండి వెలువడిన మాట గాలిలో కలసిపోవును. దానిని నిలుపుకొనవలెనను మానవుని చిరకాల వాంఛ 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫుతో కొంత నెరవేరినది. నేడు ఆ పనిని ఇంటిలోని కంప్యూటరే చేయగలదు. కాని అది చక్కగా జరుగుటకు 'ఆడియో ఇంటర్‌ఫేస్' అను చిన్న పెట్టె తోడు కావలెను. దానిని గూర్చి విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

కంప్యూటరులో ధ్వని పరికరము ఉండనే ఉండగా మరియొకటి ఎందులకని సందేహము కలుగవచ్చును. మైకునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పమైనది. కంప్యూటరులోని ఇతర భాగముల విద్యుత్ సంచలనము దానిలో చేరినచో గొంతు వెనుక రొద వినబడును. బయటి పెట్టె ఆ స్వల్ప విద్యుత్తును దూరముగనే పెంచి, అంకెలుగా మార్చి, యు.ఎస్.బి. తీగ ద్వారా కంప్యూటరునకు పంపును. వినునప్పుడు అంకెలను తిరిగి ధ్వనిగా మార్చునదియు అదియే.

ఈ అంకెల లెక్క తెలిసికొనదగినది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమును పట్టుటకు సెకనుకు దాని రెట్టింపునకు మించి కొలతలు తీయవలెను. కావుననే 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కునకు 44,100 కొలతలు నిర్ణయించిరి. ఒక్కొక్క కొలతకు 16 బిట్లలో 65,536 మెట్లుండగా, 24 బిట్లలో 1,67,77,216 మెట్లుండును.

ఇక వాడుక విధానము. పెట్టెను కంప్యూటరునకు తగిలించి, ధ్వని అమరికలలో దానినే ఎన్నుకొనవలెను. కండెన్సర్ మైకునకు 48 వోల్టుల విద్యుత్తునిచ్చు మీట నొక్కవలెను; డైనమిక్ మైకునకు అది అనవసరము. 'బఫర్' తగ్గించినచో మన గొంతు మనకు ఆలస్యము లేక వినబడును. కాని మరీ తగ్గించిన చిటపటలు పుట్టును. సెకనుకు 48,000 కొలతలు తీయునపుడు 256 కొలతల బఫరనగా సుమారు 5 మిల్లీసెకనుల ఆలస్యమే.

అన్నిటికంటె ముఖ్యమైనది 'గెయిన్' మీట. కంప్యూటరులో సున్న డెసిబెల్ మీద అంకె లేదు. ధ్వని దానిని దాటినచో తరంగపు శిఖరము తెగిపోవును. తెగిన భాగమును పూర్తిగా తిరిగి తెచ్చుట అసాధ్యము.

ఈ సత్యమును మేము మూల్యము చెల్లించి నేర్చితిమి. ఉర్దూ గజళ్లు, వేమన పద్యములు రెండును కంఠస్థమైన ఒక వృద్ధ ఉస్తాదు గారి గొంతును లిఖింపబూనితిమి. వారు మెల్లగా మాటలాడుచుండగా గెయిన్ సరిచేసితిమి. తరన్నుమ్‌లో గొంతెత్తినపుడు పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినది, తన్మయులమై గమనింపలేదు. ఇంటికి వచ్చి వినగా మేలైన షేర్లన్నియు పగిలిన గొంతుతో వినవచ్చినవి. మరల వెళ్లుటకు ముందే వారు అల్లాహ్ సన్నిధికి చేరినారు. వారి మాటలు మా వద్ద కలవు. పాట మాత్రము లేదు.

కావున మాటతో గాక, బిగ్గరగా పాడు చరణముతో పరీక్షించి, అత్యున్నత ధ్వని సున్నకు 12 డెసిబెల్‌ల క్రింద ఉండునట్లు చూడవలెను. 24 బిట్లలో తగ్గిన ధ్వనిని పిదప పెంచుకొనవచ్చును.

విద్యార్థులారా! మన ఇండ్లలో పెద్దలు కలరు. వారి కంఠములలో రెండు భాషల సంపద కలదు. పెట్టె సిద్ధమైన పిమ్మట ఆలస్యము చేయకుడు.