నదీజలముల పంపకము: రాజోలిబండ మొదలు సింధునది వరకు

ఇటీవల వార్తాపత్రికలలో నదుల ప్రసక్తి తరచుగా కానవచ్చుచున్నది. 2025 ఏప్రిల్ 23వ తేదీన భారత ప్రభుత్వము సింధు జలముల ఒడంబడిక అమలును నిలిపివేయుచున్నట్లు ప్రకటించినది. ఆ సంవత్సరమే జూలైలో చైనా దేశము, టిబెట్టులో బ్రహ్మపుత్ర ఎగువ భాగమున, గొప్ప జలవిద్యుత్ నిర్మాణమును ప్రారంభించినది. సెప్టెంబరులో ఇథియోపియా దేశము నైలునదికి ముఖ్యమైన ఉపనదియగు నీలి నైలుపై తాను కట్టిన మహా జలాశయమునకు ప్రారంభోత్సవము జరిపినది.

“ఎక్కడి నైలునది! ఎక్కడి ఆలంపూరు!” అని గ్రామస్థులనుకొనుట సహజమే. కాని ఈ మూడు వార్తలలోని తగవును గ్రహించుటకు ఆలంపూరు ప్రాంతపు రైతుకంటె అర్హుడు మరియొకడు లేడు. అతని పొలమునకు వచ్చు కాలువ పొరుగు రాష్ట్రమున పుట్టుచున్నది.

రాజోలిబండ ఆనకట్ట తుంగభద్రానదిపై, కర్ణాటకములోని రాయచూరు జిల్లాయందు కలదు. 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు తుంగభద్ర జలములను గూర్చి చేసికొనిన ఒప్పందము దీనికి పునాది. ఆనకట్ట ఎడమవైపున బయలుదేరు కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందు మొదటి 42 కిలోమీటర్లకు పైగా కర్ణాటకములో సాగి, తరువాత మన ప్రాంతమున ప్రవేశించును. పని మొదలుపెట్టిన నాడు ఈ హద్దు లేదు. అప్పుడు ఆలంపూరు, గద్వాల తాలూకాలు గూడ రాయచూరు జిల్లాలోనివే. కాలువ తలకును, తోకకును జిల్లా అధికారి యొక్కడే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగి ఈ రెండు తాలూకాలు మహబూబునగరు జిల్లాలో చేరినవి; రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. భాషను బట్టి చూచిన విభజన సరియైనదే. కాని కాలువకు భాష లేదు గదా! తల యొక రాష్ట్రమున, తోక యొక రాష్ట్రమున పడినవి.

కృష్ణా జలముల తగవును విచారించుటకు 1969లో నియమింపబడిన బచావత్ న్యాయాధికరణము రాజోలిబండ కాలువకు 17.1 టి.ఎం.సి.లను కేటాయించినది. అందు 15.9 మన భాగము, 1.2 కర్ణాటకపు భాగము. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరములు. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. ఈ లెక్కను ఎకరముల మీద పరచి చూచినచో, ఎకరమునకు నాలుగడుగులకు కొంచెము పైబడిన లోతు నీరు వచ్చును. దారిలో ఇంకిపోవునది, ఆవిరియగునది తీసివేసినను ఇది స్వల్పము కాదు. వరికి పట్టు నీటిలో సుమారు సగముతోనే వేరుశనగ పండును.

అయినను ఆయకట్టు పూర్తిగా తడియుట లేదని ఈ ప్రాంతమున ఎరుగనివారు లేరు. ఎగువన నీటిని అధికముగా వాడుకొనుట, కాలువలో పూడిక, గట్ల శిథిలత ఇందుకు కారణములుగా చెప్పబడుచున్నవి. చివరి భూముల కొరత తీర్చుటకై తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకము 2018లో చేపట్టబడినది. కాలువలో రావలసిన నీటిని అదే నదినుండి విద్యుచ్ఛక్తితో పైకెత్తవలసి వచ్చుట, కాగితముమీది వాటాకును పొలములోని నీటికిని గల దూరమును తెలుపుచున్నది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆలంపూరు రైతు తనను దిగువవానిగానే తలంచును. కాని నదికి ఆవలి గట్టున, రాజోలిబండకు దిగువగా సుంకేసుల వద్దనుండి కర్నూలు-కడప కాలువ బయలుదేరుచున్నది. దానికి 39.9 టి.ఎం.సి.ల వాటా గలదు. రాజోలిబండ ఆనకట్టను బాగుచేసి ఎత్తు సరిచేయు పనికి ఆ కాలువ క్రింది రైతులు అభ్యంతరము చెప్పిరి. వారి దృష్టిలో ఎగువవాడు ఆలంపూరువాడే! దేశముల విషయమును ఇట్లే. భారతదేశము సింధునది విషయమున పాకిస్తానుకు ఎగువన, బ్రహ్మపుత్ర విషయమున చైనాకు దిగువన ఉన్నది. ఒకచోట పలికిన న్యాయమునే మరియొకచోట ఎదుటివారు మనకు వినిపింతురు.

సింధునది కథ రాజోలిబండ కథకు పెద్ద అచ్చు. 1947లో దేశవిభజన జరిగినప్పుడు పంజాబులోని కొన్ని కాలువల తలతూములు భారతదేశమునకును, వాటిక్రింది పొలములు పాకిస్తానుకును పోయినవి. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబు ప్రభుత్వము నీటిని ఆపినది. మే నెలలో తాత్కాలికముగా రాజీ కుదిరినది. పిమ్మట ప్రపంచబ్యాంకు మధ్యవర్తిగా ఏండ్ల తరబడి చర్చలు నడచి, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్‌లు సంతకములు చేసిరి. రావి, బియాస్, సట్లెజ్ నదులు మనకు. సింధు, జీలం, చీనాబ్ నదులు, మనకు కొన్ని పరిమిత వినియోగములు మినహాయించి, పాకిస్తానుకు. అనగా వీరు నీటిని పంచుకొనలేదు, నదులనే పంచుకొనిరి. అన్నదమ్ములు ఒక్క బావికి వంతులు పెట్టుకొనలేక, బావికొకరుగా విడిపోయినట్లు! 1965, 1971, 1999 సంవత్సరముల యుద్ధములను దాటి ఈ ఒడంబడిక నిలిచినది. పహల్గాములో యాత్రికుల హత్యాకాండ జరిగిన మరునాడు, సరిహద్దు దాటి వచ్చు ఉగ్రవాదమును కారణముగా చూపి భారతదేశము దీనిని నిలిపివేసినది. ఒడంబడిక నిలిచినంత మాత్రమున నదులు నిలువవు. పడమటి నదుల వరదను పట్టి యుంచగల పెద్ద జలాశయములు మనకచ్చట లేవు. వెంటనే నిలిచిపోయినవి కమిషనర్ల సమావేశములు, నీటిలెక్కలు ఇచ్చిపుచ్చుకొనుట.

నీటినే వంతులుగా పంచుకొనిన ఉదాహరణమును చూడగోరువారు గంగానదిని చూడవలెను. 1996 డిసెంబరు 12న భారత, బంగ్లాదేశములు 30 సంవత్సరముల గడువుతో ఒడంబడిక చేసికొనినవి. జనవరి నుండి మే నెల వరకు ఫరక్కా వద్ద పది దినములకొకమారు లెక్క. సెకండుకు 70,000 ఘనపుటడుగులు, లేక అంతకు తక్కువ వచ్చిన సగము సగము. 75,000 వరకు వచ్చిన బంగ్లాదేశమునకు 35,000, మిగిలినది మనకు. అంతకు మించిన మనకు 40,000, మిగిలినది వారికి. నీరు మిక్కిలి తగ్గు మార్చి 11 మొదలు మే 10 వరకు, 35,000 తప్పక ముట్టు పది దినములు ఒకమారు మనకు, ఒకమారు వారికి వచ్చును. చెరువు క్రింద నీరటికాడు పెట్టు వంతులకును దీనికిని భేదమేమి? ఇరుదేశముల ఉద్యోగులు ఒక్కచోట నిలిచి కలిసి కొలుచుటయే ఇందలి బలము. లోపములు లేకపోలేదు, ఎండకాలమున నీరు చాలదను ఫిర్యాదు బంగ్లాదేశమున వినబడుచునే యున్నది. కాని ఎంత నీరు వచ్చినదను తగవు చాల తగ్గినది.

నైలు విషయమున అట్టిది లేదు. 1959లో ఈజిప్టు, సూడానులు తమలో తాము నీరు పంచుకొని, ఈజిప్టునకు ఏడాదికి 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడానునకు 1,850 కోట్లు అని వ్రాసికొనినవి. నీటిలో అధికభాగము పుట్టు ఇథియోపియాను పిలువలేదు. 2011లో ఇథియోపియా తన జలాశయమును కట్ట మొదలిడినపుడు, ఆ పాత కాగితము దానిని ఆపజాలకపోయినది.

రాజోలిబండలో కాగితము గలదు, పిలువబడనివారు లేరు. కావలసినది హద్దువద్దను, ప్రతి తూమువద్దను కొలత. అందుచేత కాలువ క్రింది పంచాయతీల సభ్యులు ఒక పని చేయవచ్చును. మీ గ్రామపు తూమువద్ద కొలబద్ద ఉన్నదేమో చూడుడు. లేనిచో కావలెనని వ్రాతమూలముగా అడుగుడు. నీరు వదలిన నాటినుండి ప్రతి ఉదయము ఒకే వేళకు నీటిమట్టమును ఒక పుస్తకమున వ్రాయించుడు. ఎగువ గ్రామమువారు గూడ అట్లే వ్రాసినచో, పదునైదు దినములకొకమారు రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. సెకండుకు 500 ఘనపుటడుగుల చొప్పున పారు కాలువ ఒక టి.ఎం.సి. ఇచ్చుటకు సుమారు 23 దినములు పట్టునను లెక్క జ్ఞాపకముంచుకొనినచో, ఋతువులో ఎంత రావలసినది, ఎంత వచ్చినది తేలును. ఆ పుస్తకముతో ఇంజనీరు వద్దకు పోయిన సభ్యుడు “నీరు చాలుట లేదు” అని ఊరకుండక, ఏ తేదీన ఎన్ని అంగుళములు తగ్గినదో చూపగలడు.