ఏడో నిబంధన గురించి



మీ కాలేజీలో స్కూలు పిల్లలకు పెట్టబోయే రోబో పోటీ నిబంధనలు చదివాను. మార్కుల లెక్క బాగా కుదిరింది. ఏడో నిబంధన దగ్గరే ఆగిపోయాను. "రోబోలు ఫీల్డ్‌కు నష్టం కలిగించరాదు" అన్నావు. ఏది నష్టం? అది ఎవరు తేల్చాలి? తేలాక ఏం చెయ్యాలి? ఇవేవీ లేకుండా ఈ ఒక్క వాక్యం చేతిలో పెడితే రిఫరీ ఏం చేస్తాడమ్మా, టీమ్‌లతో వాదన తప్ప!

ఇక్కడ అమెరికాలో ఫస్ట్ (FIRST) రోబోటిక్స్ పోటీల్లో ఫీల్డ్‌ను కాపాడే పనిని రెండుగా విడదీశారు. మొదటిది మ్యాచ్‌కు ముందు తనిఖీలోనే తేలిపోయేది: నేలను పట్టుకునే భాగాల్లో లోహం, గరుకు కాగితం, గట్టి ప్లాస్టిక్ ముళ్లు, వెల్క్రో లాంటివి ఉండకూడదు. అక్కడ నేల కార్పెట్; 2024 దాకా బ్యాటరీ, బంపర్లు కాకుండానే రోబో 125 పౌండ్ల దాకా ఉండనిచ్చేవారు. ముళ్లుంటే ఏమవుతుందో ఊహించుకో. రెండోది ఆటలో తేలేది: రోబో ఫీల్డ్‌ను ఇంకా పాడుచేసేలా ఉంటే ఆపేస్తారు, పదునైన అంచులు తీసేసి మళ్లీ తనిఖీకి రమ్మనొచ్చు. శిక్ష కంటే బాగుచేసుకోవడానికి దారి చూపడం నాకు నచ్చింది. 2009 ఆటలోనైతే నున్నటి నేల పరిచి, అందరూ ఒకే రకం చక్రాలు వాడాలన్నారు. చక్రాల మీద వాదనే లేకుండా పోయింది, కానీ పిల్లలు సొంత చక్రం ఆలోచించే అవకాశమూ పోయింది. మీకు అది వద్దు.

మీ ఫీల్డ్ 12 అడుగుల చదరం, 36 ఫోమ్ పలకలు. "లోహపు చక్రాలు వద్దు" అని రాస్తే సరిపోతుందనుకోకు. మెత్తటి రబ్బరు చక్రం కూడా ఫోమ్‌ను తినేస్తుంది. రెండు రోబోలు ఎదురెదురుగా తోసుకుంటూ కదలకుండా నిలబడ్డాయనుకో, చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. మోటారు శక్తిలో చాలా భాగం చక్రం ఫోమ్‌ను తాకే ఆ కాస్త చోటే రాపిడిగా, వేడిగా మారుతుంది. గుంట పడుతుంది. తనిఖీలో ఆ చక్రానికి వంక పెట్టలేవు. అందుకే చక్రాన్ని కాక, జరిగే పనిని పట్టుకుని రాయాలి: "రోబో కదలకుండా చక్రాలు తిరుగుతుంటే రిఫరీ బిగ్గరగా ఐదు దాకా లెక్కపెడతారు. ఆలోగా డ్రైవర్ చక్రాలు ఆపాలి. ఆపకపోతే ఆ మ్యాచ్‌కు రోబోను ఆపేస్తారు." ఇందులో రిఫరీ ఊహించాల్సిందేమీ లేదు, చూసి లెక్కపెట్టడమే.

అంచులకూ అంతే. "పదునుగా ఉండరాదు" అనకు. నేల నుంచి రెండంగుళాల ఎత్తులోపు ఉన్న ప్రతి అంచు మీదా పాత నూలు గుడ్డ లాగి చూస్తామనీ, దారం చిక్కుకుంటే ఆకురాయి పట్టాలనీ రాయి. పిల్లలు ఇంటి దగ్గరే చూసుకుని వస్తారు.

మామూలు అరుగుదలకు ఎవరినీ తప్పుపట్టమని కూడా ఒక వాక్యం చేర్చు. పలక మీద నల్లటి చక్రం గీత నష్టం కాదు. పలక చిరిగినా, అతుకు దగ్గర లేచినా, గుంటలో వేలిగోరు దిగినా నష్టం. ఎందుకు పెట్టామో ప్రతి నిబంధన కిందా వేరే రంగులో రెండు ముక్కలు రాయి. అయితే తీర్పు మాత్రం నిబంధన మాటల మీదే.

పలకలు అరడజను అదనంగా కొనిపెట్టండి. ఇక అచ్చుకు ఇచ్చేముందు, ఈ రాతలో చెయ్యి పెట్టని కుర్రాళ్లెవరికైనా ఇచ్చి, నిబంధన తప్పకుండానే ఫీల్డ్ చింపే చక్రం ఒకటి తయారుచెయ్యమను. వాళ్లేం తెస్తారో నాకు ఫోటో పంపించు.

మీ మామయ్య