ప్రవక్త మెడమీది కాడి
పఠనభాగము: యిర్మీయా 27, 28 అధ్యాయములు

హెబ్రీ ప్రవక్తలు నోటితో మాత్రమేగాక తమ దేహములతోను దేవుని వర్తమానమును ప్రకటించిరి. యెషయా మూడు సంవత్సరములు దిగంబరియై, చెప్పులు లేక తిరిగెను. యెహెజ్కేలు పెంకుమీద యెరూషలేమును గీసి దానికి ముట్టడి వేసెను. యిర్మీయా మోసిన కాడియు అట్టి సూచనయే.

క్రీ. పూ. 597లో బబులోను రాజగు నెబుకద్నెజరు యెకొన్యాను చెరగొనిపోయి, సిద్కియాను సింహాసనమెక్కించెను. పిమ్మట ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను రాజుల దూతలు యెరూషలేమునకు వచ్చిరి. అప్పుడు యిర్మీయా పలుపులతో కాడి కట్టుకొని, బబులోనునకు లోబడి బ్రదుకుడని వారి రాజులకును సిద్కియాకును వర్తమానమిచ్చెను.

గిబియోనువాడగు హనన్యా, రెండేండ్లలో చెర తీరునని మందిరములో ప్రకటించెను. యిర్మీయా 'ఆమేన్' అనెను. జనుల క్షేమమును అతడును కోరెను. అయితే క్షేమమును ప్రవచించువాని మాట నెరవేరినప్పుడే అతడు దేవుడు పంపినవాడని తేలునని చెప్పెను. హనన్యా కాడిని తీసి విరిచెను. యిర్మీయా వాదింపక వెళ్లిపోయెను. దేవుని వాక్కు కలిగిన తరువాతనే తిరిగి పలికెను. విరిగిన కొయ్యకాడికి బదులు ఇనుపకాడి వచ్చెను. రెండేండ్ల గడువు చెప్పిన హనన్యా రెండు నెలలకే మరణించెను. క్రీ. పూ. 586 ప్రాంతమున పట్టణము కూలెను.

సూచనను విరిచినంతమాత్రమున సత్యము విరుగదు. హనన్యా మాట అతని మెడకు ఏ భారమును తేలేదు. యిర్మీయా తాను చెప్పిన కాడిని ముందు తానే మోసెను.

ధ్యానించుడి: మన చెవికి ఇంపైన మాటనే దేవుని మాటగా ఎంచుచున్నామా?