అడుగున తిరిగే చేపలకు ఏ ఇసుక వేయాలి?

నర్సరీ షెడ్డులో పెట్టిన గాజు తొట్లు వీడియోలో చూపించాక ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే, "అడుగున ఏం వేశారు?" అని. ఇసుక జల్లించడం, కడగడం ఈ వీడియోలో చేసి చూపించాను. ఎందుకు అలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

పైన, మధ్యలో ఈదే చేపకు అడుగున ఏమున్నా పెద్దగా పట్టింపు లేదు. కోరిడోరాస్, కూలీ లోచ్, మన బొమ్మిడాయి లాంటివి అలా కాదు. వాటి కంచం, పడక రెండూ ఆ అడుగే. కోరిడోరాస్ ఇసుకను నోట్లోకి తీసుకుని, తిండి ఏరుకుని, మిగతా ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. బొమ్మిడాయిని మనం పులుసుకే గుర్తుపెట్టుకుంటాం గానీ, దాన్ని అక్వేరియంలో పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. పగలంతా ఇసుకలో దూరి, ముక్కు మాత్రం బయటపెట్టి ఉంటుంది. దానికి గరుకు రాళ్ళు వేస్తే దూరబోయి ఒళ్ళు గీరుకుంటుంది, ఆ గాయానికి బూజు పడుతుంది.

ఒక రైతు అన్న తన తొట్టి ఫొటో పంపారు. రంగు రంగుల గులకరాళ్ళు, చూడ్డానికి బాగుంది. కోరిడోరాస్‌కి మాత్రం మీసాలు సగం అరిగిపోయాయి. ఆ మీసాలతోనే అది తిండి వెతుక్కుంటుంది. అవి పోతే ఎదురుగా మేత ఉన్నా సరిగ్గా దొరకదు. అందరూ రాళ్ళ పదునునే తప్పుపడతారు. నా ఉద్దేశంలో పదును ఎంత కారణమో మురికీ అంతే కారణం. పెద్ద రాళ్ళ సందుల్లోకి జారిన మేత చేపకు అందదు, అక్కడే కుళ్ళుతుంది. చేప రోజంతా ఆ కుళ్ళులోనే మీసాలు పెడుతుంది.

కాబట్టి నా ఎంపిక నది ఇసుక. నీళ్ళలో దొర్లి దొర్లి గింజ అంచులు అరిగి ఉంటాయి. ఎం-శాండ్ వద్దు. అది రాయిని పగలగొట్టి చేసింది, అంచులు పదునుగా ఉంటాయి, పైగా దుమ్ము. డిప్లొమాలో మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూడమని నేర్పారు కదా, ఇక్కడా అదే పరీక్ష. తడి ఇసుకను మణికట్టు లోపలి వైపు రుద్దండి. గీరుకుంటే చేపకూ గీరుకుంటుంది. గింజ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటే చాలు.

సముద్రపు ఇసుక తేకండి. ఉప్పుతో పాటు గవ్వల, ఆల్చిప్పల ముక్కలు ఉంటాయి. ఏ ఇసుకైనా అనుమానం ఉంటే గుప్పెడు ఎండబెట్టి వెనిగర్ పోయండి. బుడగలు వచ్చాయంటే అందులో సున్నం ఉన్నట్టే, నీళ్ళ పీహెచ్ పెంచుతుంది. మన బోరు నీళ్ళలో చాలా చోట్ల ముందే సున్నం ఎక్కువ, ఇంకా కలపడం ఎందుకు?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టికి 4 సెంటీమీటర్ల మందం వేయాలంటే సుమారు 11 కిలోలు పడుతుంది. కోరిడోరాస్‌కి అది చాలు. బొమ్మిడాయికి 6, 7 సెంటీమీటర్లు కావాలి. బకెట్లో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. ఓపిక కావాలి, పది పదిహేను సార్లు పట్టొచ్చు.

ఇప్పుడు మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళకు గట్టిగా చెప్పాల్సిన మాట. "ఇసుకలో జీవం ఉండదు కదా, కింద కొంచెం ఘనజీవామృతమో వర్మీకంపోస్టో వేద్దామా?" అని అడుగుతున్నారు. వద్దు. పొలంలో మనం సేంద్రియ పదార్థం పెంచుతాం, ఎందుకంటే వేర్లు తీసుకుంటాయి, గాలి ఆడుతుంది. గాజు తొట్టిలో ఈ చేపలు అడుగంతా తవ్వుతాయి, కింద వేసింది పైకి తేలుతుంది, కుళ్ళి అమ్మోనియా అవుతుంది. తొట్టిలో కావాల్సిన జీవం వేరే. అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుక గింజల మీదా, ఫిల్టర్‌లోనూ తానే పెరుగుతుంది. దానికి కొన్ని వారాలు టైం ఇవ్వండి, చేపల్ని ఆ తర్వాతే వదలండి.

మందం మరీ ఎక్కువైతే కింద గాలి ఆడక నల్లబడి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడితే వచ్చే వాసన లాంటిదే. అందుకే వారానికోసారి వేళ్ళతో పైపైన కదపండి. నీళ్ళు మార్చేటప్పుడు పైపుని ఇసుకకు కొద్దిగా పైన పట్టుకుంటే మురికి ఒక్కటే వస్తుంది (వీడియో చివర్లో చూపించాను). ఆ నీళ్ళు నారు మొక్కలకు పోస్తున్నాను, నైట్రేట్ ఉంటుంది కాబట్టి బాగానే పనికొస్తున్నాయి. చేపల జబ్బుకు ఉప్పు గానీ మందు గానీ వేసిన వారం మాత్రం మొక్కలకు పోయకండి.

ఇంకొకటి, షాపువాళ్ళు "అడుగు శుభ్రం చేస్తుంది" అని సక్కర్ ఫిష్ అంటగడతారు. అది శుభ్రం చేసేదానికన్నా వేసే పెంటే ఎక్కువ. పెద్దదయ్యాక విసుగొచ్చి చెరువులో వదలకండి. దెయ్యం చేప అని మన చెరువుల్లో వలలు చింపుతున్నది అదే.