నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టండి

మీరు ప్రాథమిక పాఠశాల టీచరా? ఈ వారం ఒక పని చేయండి. మీ తరగతిలో రాయడానికి బాగా తడబడే పిల్ల నోటు పుస్తకం తీసుకెళ్లి పక్క తరగతి టీచరు ముందు పెట్టండి. దిద్దకుండానే పెట్టండి. రాత నేర్పడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఉన్న జగదల్‌పూర్ సంగతే చూడండి. దసరా గురించి ఐదు వాక్యాలు రాయమంటే, గైడు చూసి రాసే పిల్లలు రాముడు, రావణ దహనం అని రాసేస్తారు. కానీ బస్తర్ దసరా దంతేశ్వరి అమ్మవారిది, 75 రోజుల పండగ. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వాళ్లు పెద్ద కొయ్య రథం తయారు చేస్తారు. జనం తాళ్లు పట్టి లాగుతారు. అంత పెద్ద రథాన్ని కళ్లారా చూసిన పిల్ల, దాని ఊసెత్తకుండా గైడులోని వాక్యాలు దించుతోందంటే లోపం పిల్లది కాదు. రాయడమంటే చూచిరాతేనని మనమే అలవాటు చేశాం.

అక్కడ బడి భాష హిందీ. ఇళ్లలో హల్బీ, భత్రీ, గోండి, ధుర్వా. గోండి, ధుర్వా మన తెలుగులాగే ద్రావిడ భాషలు. ఒక్కరే కూర్చుని దిద్దితే కంటికి తప్పులే కనిపిస్తాయి. పక్కన హల్బీ తెలిసిన టీచరు ఉంటే, "ఇది తప్పు కాదండీ, ఇంట్లో మాట్లాడినట్టే రాసింది" అని చెప్పగలరు. ఆ ఒక్క మాటతో మర్నాటి పాఠం మారిపోతుంది. ముందు ఇంటి భాషలో చెప్పించి, బొమ్మ వేయించి, ఆ తర్వాతే రాయిస్తారు.

అక్కడి సంకుల్ (బడుల సముదాయం) సమావేశంలోనో, మన దగ్గరి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులోనో అరగంట దీనికి కేటాయించండి. ఒక పిల్ల నోటు పుస్తకాన్నే అందరూ చదవండి. ఈ పిల్ల ఏం చెప్పాలనుకుంది? ఇప్పటికే ఏం చేయగలుగుతోంది? తప్పుల సంగతి ఆ తర్వాత.

మీరూ రాయండి. 1974లో అమెరికాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే అనే అధ్యాపకుడు టీచర్లను పోగుచేసి మొదలుపెట్టిన రాత కార్యక్రమానికి ప్రాణం ఇదే. టీచర్లు తామూ రాస్తారు, ఒకరిది ఒకరు చదువుతారు, తమ పాఠాలు తోటివారికి చూపిస్తారు. నాలుగు వాక్యాలు రాయడానికి మీ చెయ్యి ఆగినప్పుడు పిల్లల కష్టం మీకే తెలుస్తుంది.

"నా తరగతి బండారం బయటపడుతుందేమో" అన్న బెరుకు సహజం. అందుకే సీనియర్లు ముందు తమ దగ్గరున్న బలహీనమైన పుస్తకం తీయాలి. హెడ్మాస్టరు గారు కూర్చున్నా సరే, అక్కడ విన్నది తనిఖీ రిజిస్టరులోకి ఎక్కకూడదు.

వచ్చే నెల కలిసినప్పుడు అదే పిల్ల పుస్తకం మళ్లీ తెండి. అప్పటి పేజీ, ఇప్పటి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి.